అత్తయ్య అడిగిన మద్దతు లేఖ

ఆ యువజన సంఘం ఆఫీసు కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. మెట్లు ఎంత ఇరుకంటే, మధ్యలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. ముప్పై దాటినవాళ్ళకు సంఘంలో చోటు లేదు. అందుకని ఇరవైతొమ్మిదేళ్ళ అధ్యక్షుణ్ణి అందరూ 'పెద్దాయన' అనేవారు. ఆయన కూడా ఆ పిలుపు నిలబెట్టడానికన్నట్టు కుర్చీలోంచి లేచినప్పుడల్లా ఒకసారి నడుం పట్టుకునేవాడు.

బస్సు పాసులనీ, గ్రంథాలయం వేళలనీ, ఆటస్థలమనీ ఊళ్ళో కుర్రకారుకు కావలసినవాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి పోట్లాడటం వాళ్ళ పని. కొన్నాళ్ళకు సంఘం మాటకు విలువ పెరిగింది. విలువ పెరిగాక అడిగేవాళ్ళూ పెరిగారు. అనుమతి కావాలన్నా, స్థలం కావాలన్నా, ఎవరైనా ముందు ఆ మెట్లెక్కి, "మా పనికి మీ మద్దతుందని ఒక ఉత్తరం రాసివ్వండి బాబూ" అనేవారు.

మొదట్లో సంఘం ఈ విషయంలో దానకర్ణుడికి తమ్ముడిలా ఉండేది. అడగడమే ఆలస్యం, వచ్చినవాళ్ళే రాసుకొచ్చిన కాగితం మీద ముద్ర గుద్ది ఇచ్చేవాళ్ళు. అలా ఇచ్చిన ఉత్తరం పట్టుకుని ఒకాయన హాస్టల్ తెరిచాడు. వానాకాలం మొదలవగానే అందులో చేరిన కుర్రాళ్ళు తడిసిన పరుపులు నెత్తిన పెట్టుకుని సంఘం ఆఫీసుకొచ్చారు. "మీరు బాగుందంటేనే కదా చేరాం, ఇప్పుడు మీ దగ్గరే పడుకుంటాం" అన్నారు. అన్నట్టే ఆ రెండు గదుల్లో వారం పడుకున్నారు కూడా.

ఆ తరువాతే ఉత్తరాల బాధ్యత పిచ్చుకకు అప్పగించారు. పిచ్చుక ఆ అమ్మాయి అసలు పేరు కాదు. చిన్నప్పుడు గాలికి ఎగిరిపోయేలా ఉండేదని మేనత్త పెట్టిన ముద్దుపేరు. ఒకరోజు ఆ మేనత్త వీధిలో నిలబడి, "పిచ్చుకా! అన్నం డబ్బా మర్చిపోయావే!" అని కేకేసేసరికి, ఆఫీసులో కూడా ఆ పేరే స్థిరపడిపోయింది.

పిచ్చుక కూర్చుని నియమాలు రాసింది. ఉత్తరం కావలసినవాళ్ళు పదిహేను రోజుల ముందు అడగాలి. సంఘం తరఫున ఒకరు వెళ్ళి కళ్ళతో చూసి రావాలి. అక్కడి కుర్రాళ్ళతో, నడిపేవాళ్ళు పక్కన లేనప్పుడు మాట్లాడాలి. చూసింది చూసినట్టే రాయాలి. లోపం ఏదైనా రాయాల్సొస్తే ముందు వాళ్ళను పిలిచి మొహం మీదే చెప్పాలి. అడిగినవాళ్ళు మనలో ఎవరికైనా చుట్టమైతే, ఆ మనిషి పక్కకు జరగాలి.

ఈ చివరిది రాసేటప్పుడు పిచ్చుక మనసులో ఉన్నది పెద్దాయన బావమరిది. నెలకో కొత్త పథకంతో వచ్చేవాడు. తనకూ చుట్టాలుంటారన్న సంగతి ఆమెకు తట్టలేదు.

పిచ్చుకను పెంచింది ఆ మేనత్తే. తల్లి పోయేనాటికి పిల్లకు నాలుగేళ్ళు. అత్తయ్య పెళ్ళి చేసుకోలేదు, అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయింది. మున్సిపాలిటీ ఈతకొలనులో ఆమెకు ఉద్యోగం. పగలు కొలను చూసుకుని, సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకు ఈత నేర్పేది. మొదటి శిష్యురాలు పిచ్చుకే. ఆ పిల్ల 'అత్తయ్యా' అని పిలవడం విని మిగతా పిల్లలూ అలాగే పిలిచారు. చివరికి ఊళ్ళో సగంమంది ఆడపిల్లలకు ఆవిడ అత్తయ్య అయిపోయింది. కానీ మొదటి శిష్యురాలు మాత్రం పన్నెండో ఏట చెవి నొప్పని చెప్పి ఈత మానేసింది. ఆ నొప్పి నిజమేనని అత్తయ్య ఇప్పటికీ నమ్ముతోంది.

ఒక సోమవారం ఉదయం అత్తయ్య భుజాన తువ్వాలుతో, క్లోరిన్ వాసనతో ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చింది. ఎదురొచ్చిన పెద్దాయన మారుమాట లేకుండా వెనక్కెక్కేశాడు.

"ఒసే పిచ్చుకా, నా సాయంత్రం గంట పోయేలా ఉందే," అంది కుర్చీ లాక్కుంటూ. "ఏదో ప్రైవేటు క్లబ్బట, ఆ వేళ తమకిమ్మని అడిగారు. శుక్రవారం మున్సిపాలిటీ కమిటీ కూర్చుంటోంది. ఊళ్ళో పిల్లలకు ఈ క్లాసు అవసరమేనని యువజన సంఘం చేత రాయించుకు రమ్మన్నారు. నా మేనకోడలే అక్కడుందండీ, చిటికెలో పని అని చెప్పి వచ్చా. ఊ, రాయి."

పిచ్చుక గొంతు సవరించుకుంది. "అత్తయ్యా, నేను రాయకూడదు."

"ఏం, చెయ్యి నొప్పా?"

"నియమం ఉంది. అడిగింది చుట్టమైతే పక్కకు జరగాలి. పైగా పదిహేను రోజుల ముందు అడగాలి."

"ఎవరు పెట్టారే ఆ నియమం? పిలువు, నేను మాట్లాడతా."

"నేనే పెట్టాను."

అత్తయ్య తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"నీకు జ్వరమొచ్చిన రోజుల్లో పక్కన కూర్చుని తడిగుడ్డలు వేసిందెవరే? చుట్టాన్ని కాబట్టి పక్కకు జరుగుతానని అప్పుడు నేనన్నానా?"

పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన తలుపు దగ్గర్నుంచే సర్దిచెప్పాడు. "అమ్మా, గడువు సంగతి మేం చూసుకుంటాం, ఆ మాత్రం సడలించొచ్చు. వెళ్ళి చూడకుండా మాత్రం రాయలేం. రేపు మావాణ్ణి ఒకణ్ణి పంపిస్తాం. పిచ్చుక ఇందులో ఉండదు."

"చూసుకోండి. నేనేమైనా దొంగతనంగా నేర్పుతున్నానా?" అని అత్తయ్య లేచింది. మేనకోడలి వైపు చూడకుండానే మెట్లు దిగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిచ్చుక తండ్రికి కష్టం వచ్చిపడింది. ఆయన రైల్వే స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఉద్యోగి. కిటికీకి అవతలి కోపం అవతలే వదిలేసి, ఇవతల ప్రశాంతంగా చిల్లర లెక్కపెట్టుకోవడం ఆయనకు అలవాటు. ఇప్పుడు కోపం రెండు వైపులా ఉంది, ఆయన నడుమ ఉన్నాడు.

"అన్నయ్యా, నియమాలమ్మగారికి ఇంకాస్త కూర కావాలేమో కనుక్కో."

"అమ్మా, కూర కావాలా?"

"కావాలని చెప్పండి నాన్నా."

"కావాలటే."

"చుట్టాలు వడ్డించింది తింటారో తినరో అది కూడా అడుగు."

తండ్రి ఇద్దరి వైపూ చూసి, కూర గిన్నె తనే అందుకుని కూతురి కంచంలో వడ్డించాడు. "నా కౌంటరు మూసేశా," అని తన కంచం తీసుకుని వరండాలోకి పోయాడు.

మర్నాడు ఎవరిని పంపాలో తేల్చుకోవడానికి సంఘం కూర్చుంది. నియమం ప్రకారం పిచ్చుక గది దాటి కిందికి పోయింది. కళ్ళజోళ్ళాయన బేరం లేక ఆవలిస్తున్నాడేమో, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది అక్షరాలన్నీ పైనుంచి కిందికి చదివించాడు. "చూపు బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు నిరాశగా.

పైన వాళ్ళు మౌనిని ఎంచుకున్నారు. మౌని మాట్లాడితే ముత్యాలు రాలతాయేమోనని దాచుకునే రకం. చెవులు మాత్రం పాముచెవులు. ఎవరైనా అతని ముందు కాసేపు కూర్చుంటే, ఆ నిశ్శబ్దం భరించలేక కడుపులో ఉన్నదంతా కక్కేస్తారని పెద్దాయన నమ్మకం. అతనికి నీళ్ళంటే భయమన్న సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం మౌని ఆఫీసుకు తిరిగొచ్చినప్పుడు జుట్టు నీళ్ళోడుతోంది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

"ఏమైంది?" అంది పిచ్చుక కంగారుగా.

"ఒడ్డున కూర్చుని చూస్తానన్నాను," అన్నాడు మౌని. "ఒడ్డున కూర్చుంటే కనిపించేది ఒడ్డేనయ్యా అంది మీ అత్తయ్య. క్లాసయ్యాక, ఆడపిల్లలంతా వెళ్ళాక దింపింది. లోతు లేని వైపే. తేలాను." ఆ చివరి మాట అంటున్నప్పుడు అతని మొహం వెలిగిపోయింది. అంత పొడుగు మాట అతని నోట ఎప్పుడూ వినని పిచ్చుక, "మరి పిల్లలేమన్నారు?" అని అడగబోయింది. మౌని వేలు పెదవుల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఆమె నియమం ఆమెకే అప్పజెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం అత్తయ్యను పిలిపించారు. ఆవిడ వచ్చి కూర్చుని, గదిలో అందర్నీ ఒకసారి కలయజూసింది. "పిచ్చుకేది?"

"ఆమె ఉండకూడదమ్మా."

"రాయడానికి ఉండకూడదు, సరే. నేను తిట్లు తినేటప్పుడు పక్కన ఇంటిమనిషి ఉండకూడదని కూడా రాశారా? పిలవండి. అది రాకపోతే నేను వినను."

పెద్దాయన నియమాల కాగితం తిప్పితిప్పి చూశాడు. అలాంటిదేమీ అందులో లేదు. పిచ్చుక వచ్చి అత్తయ్య వెనకాల నిలబడింది.

మౌని మొదలుపెట్టాడు. పిల్లలందరూ అత్తయ్య అంటే ప్రాణం పెడతారని చెప్పాడు. నీళ్ళ భయం పోవడమే కాదు, రోడ్డు మీద, బడిలో, అంతటా ధైర్యం వచ్చిందన్నారట. ఒక పిల్ల, తమ్ముడు కాలవలో జారితే తనే దూకి లాక్కొచ్చిందట. అత్తయ్య గడ్డం కొద్దికొద్దిగా పైకి లేస్తోంది.

"ఇంకోటి కూడా ఉందమ్మా," అన్నాడు మౌని. "పదిహేను పదహారేళ్ళు వచ్చేసరికి చాలామంది మానేస్తున్నారు. వేళ ట్యూషన్లకు అడ్డమట. కాస్త ఆలస్యమైతే గేటు దగ్గర్నుంచే పంపించేస్తారట. అందరి ముందూ అరుస్తారట. ఏదైనా మార్చమని అడగాలని ఉంది, అడిగే ధైర్యం లేదన్నారు. నీళ్ళంటే భయం పోయిందిగానీ మీరంటే పోలేదమ్మా."

అత్తయ్య గడ్డం కిందికి దిగింది. "ఎవరన్నారు?"

"పేర్లు చెప్పం."

"ఇన్నేళ్ళ నుంచి నేర్పుతున్నాను. ఒక్కతీ నాతో అనలేదే! మానేసేవాళ్ళు మానేస్తున్నామని చెప్పి పోవచ్చుగా? ఎందుకని ఒక్కరూ చెప్పరు?"

పిచ్చుక అత్తయ్య కుర్చీ మీద చెయ్యి వేసింది.

"నేనూ చెప్పలేదుగా అత్తయ్యా," అంది వెనక నుంచి.

అత్తయ్య తల తిప్పింది. "నీకు చెవి నొప్పి కదే?"

"చెవి బాగానే ఉండేది."

అత్తయ్య ఆమె మొహంలోకి చూసింది. తరువాత తువ్వాలు తీసుకుని, గోడ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగిపోయింది. ఉత్తరం రాయమందో వద్దందో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ రాత్రి ఇంట్లో కూర కావాలా అని అడిగినవాళ్ళు కూడా లేరు. అత్తయ్య తలనొప్పని ముందే పడుకుంది. పిచ్చుకకు కంచం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. తండ్రి ఆమె నెత్తి మీద ఒకసారి చెయ్యి వేశాడు. "నిజం చెబితే నిష్ఠూరం తప్పదమ్మా," అన్నాడు. అంతకంటే పెద్ద ఉపన్యాసం ఆయన ఎప్పుడూ ఇచ్చింది లేదు.

తెల్లవారాక పిచ్చుక వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తయ్య పొయ్యి ముందు నిలబడి టీ కాస్తోంది. వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఆ రోజు నేనేమన్నాను?"

ఏ రోజని పిచ్చుక అడగలేదు. "నా మేనకోడలివై ఉండి రాయిలా మునిగావేంటే అన్నావు. అందరూ నవ్వారు."

"అన్నానా?"

"అన్నావు."

"నాకు గుర్తే లేదే."

"నీకెందుకు గుర్తుంటుంది? మునిగింది నేను కదా."

అత్తయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని పిచ్చుక దగ్గరికెళ్ళింది. చూస్తే నవ్వుతోంది, కళ్ళ నీళ్ళతో సహా. "ఏం నోరే నీది! అచ్చం నా పోలికే." టీ పొంగి పొయ్యి మీద పడుతున్నా పట్టించుకోకుండా పిచ్చుక తల తన భుజానికి అదుముకుంది. "అందరిలోకీ నువ్వే ముందు నేర్చుకోవాలని నా ఆరాటమే. నా ఆరాటానికి నోరెక్కువ. ఆ పూటే చెప్పొచ్చుగా?"

"చెబితే ఊరుకునేదానివా?"

అత్తయ్య నిజాయితీగా ఆలోచించింది. "ఊరుకునేదాన్ని కాదు," అంది.

టీలు తాగాక ఇద్దరూ కలిసే బయల్దేరారు. ఆఫీసు మెట్ల దగ్గర పిచ్చుక ఆగిపోయి, తను కింద ఉంటానంది. అత్తయ్య ఒక్కతే పైకి వెళ్ళింది. అయితేనేం, ఆవిడ గొంతు కళ్ళజోళ్ళ దుకాణంలోకి స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

"ఏం రాశారో చదవండి... ఆఁ, ఆ లోపం మాట ఉంచండి. కానీ 'పిల్లలకు తమ అభిప్రాయం చెప్పుకునే అవకాశం కల్పించాలని కోరుతున్నాం' ఏంటి, అంత మెత్తగా? అలా రాస్తే నేను ఎగ్గొడతాను. నా సంగతి నాకు తెలీదూ? నెలకోసారి పిల్లలంతా కూర్చోవాలి, వేళలూ పద్ధతులూ వాళ్ళతో కలిసే తేల్చాలి అని రాయండి. అలాగైతేనే మా మద్దతు అని రాయండి."

"అమ్మా, అది మీకే ఇబ్బందేమో. కమిటీవాళ్ళు పట్టుకుంటారు," అన్నాడు పెద్దాయన.

"పట్టుకోనీ. ఉత్తరం అడిగింది నేను, బెదిరేది మీరా?"

కళ్ళజోళ్ళాయన పైకప్పు వైపు చూసి, "మీ అత్తయ్యేనామ్మా?" అన్నాడు.

"మా అత్తయ్యే," అంది పిచ్చుక. ఆ రెండు మాటలూ ఎంత గర్వంగా అందో ఆమెకే తెలిసి సిగ్గేసింది.

శుక్రవారం కమిటీ గదిలో పిచ్చుక చివరి వరసలో, తండ్రి పక్కన కూర్చుంది. ఆయన ఆ పూటకు సెలవు పెట్టి వచ్చాడు. క్లబ్బువాళ్ళు రంగురంగుల బొమ్మలతో తమ సంగతి చెప్పుకున్నారు. అత్తయ్య ఇచ్చిన ఉత్తరం కమిటీ అధ్యక్షురాలు రెండుసార్లు చదివింది. పక్కనున్న సభ్యుడొకాయన అందుకున్నాడు. "ఏమండీ, మద్దతు లేఖ అంటే పొగుడుతారు కదా? మీవాళ్ళే మీలో లోపం ఉందని రాశారేంటి?"

"ఉంది కాబట్టి రాశారు," అంది అత్తయ్య. "నేను అరుస్తాను. పిల్లల్ని అడక్కుండానే అన్నీ తేలుస్తాను. ఇకనుంచి అడుగుతాను. ఆ ఉత్తరంలో నా మంచి ఉంది చూశారా, అది కూడా చూసొచ్చి రాసిందే. చెడు నిజమైతే అదీ నిజమే కదండీ?"

గదిలో కొందరు నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. సంఘం ముద్ర ఉన్న ఆ కాగితం మీద మళ్ళీ వేలు పెట్టి, "వెళ్ళి చూసిన మనిషి ఇక్కడున్నారా?" అంది. మౌని లేచి నిలబడ్డాడు. ఏం చూశారని ఆవిడ అడిగితే, "తేలాను మేడమ్" అని కూర్చున్నాడు. దాని అర్థం ఆవిడకు చెప్పడానికి పెద్దాయన నడుం పట్టుకుని లేవాల్సొచ్చింది.

మొత్తం గెలిచామని చెప్పడానికి లేదు. వారంలో నాలుగు సాయంత్రాలు అత్తయ్యకు, మిగతావి క్లబ్బుకు అన్నారు. ఏడాది తరువాత మళ్ళీ చూస్తామన్నారు. పోయిన సాయంత్రాల గురించి అత్తయ్య దారి పొడుగునా గొణిగింది, ఉన్నవాటి గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. సంతోషం ఎక్కువైతే ఆవిడ పద్ధతే అంత.

నెల మొదట్లో పిల్లల మొదటి సమావేశం కొలను ఒడ్డునే జరిగింది. మానేసినవాళ్ళలో కొందరు కబురందుకుని వచ్చారు, రెండు ట్యూషన్ల మధ్య దొరికిన వేళలో, సంచులతో సహా. తమ్ముణ్ణి కాలవలోంచి లాగిన పిల్లను నాయకురాలిగా ఎన్నుకున్నారు. క్లాసు అరగంట ఆలస్యంగా మొదలుపెట్టాలని మొదట తీర్మానించారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను గేటు నుంచే పంపకూడదని తరువాతిది. మధ్యలో అత్తయ్య నోరు తెరిచింది.

"అత్తయ్యా, మీ వంతు ఇంకా రాలేదు," అంది నాయకురాలు. అని, తనన్న మాటకు తనే హడలిపోయింది.

పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. అత్తయ్య తెరిచిన నోరు తువ్వాలుతో మూసుకుని, బెంచీ చివరికి జరిగి కూర్చుంది. వంతు వచ్చేదాకా కదల్లేదు. వంతు వచ్చాక అడిగింది ఒకటే. "అరవకుండా ఎలా చెప్పాలో నాకు నేర్పుతారా? నీళ్ళలో నా మాట మీకు వినపడొద్దూ?" దానికి ఈల ఒకటి కొనిస్తామని పిల్లలు తీర్మానించారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య చెయ్యి కడుక్కోకముందే మొదలుపెట్టింది. "అన్నయ్యా, విన్నావా? నన్ను, నన్ను పట్టుకుని నీ వంతు రాలేదంటుందా ఆ వేలెడంత పిల్ల! ముప్పావుగంట నోరు మూసుకుని కూర్చోబెట్టింది. ఏం ధైర్యమనుకున్నావ్! కళ్ళల్లో కళ్ళు పెట్టి మరీ అంది."

"నేర్పిందెవరో?" అన్నాడు తండ్రి.

"ఇంకెవరు, నేనే," అంది అత్తయ్య. ఆ పిల్ల ఎలా అందో ఇంకోసారి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. పిచ్చుక కంచం జరుపుకుని, చెంపకు చెయ్యి ఆనించుకుని, విన్నదే మళ్ళీ వింటూ కూర్చుంది.